లేటుగా వచ్చారా, లేటుగా చూశారా?

మన తెలుగులో లేటుగా మొదలుపెట్టేవాడి వైపు మాట్లాడే సామెత ఒక్కటి చెప్పండి చూద్దాం. నేను చాలాసేపు ఆలోచించాను. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటే చిన్నప్పుడే అయిపోవాలి. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటే అసలు పుట్టినప్పుడే తేలిపోవాలి. "ఆలస్యం అమృతం విషం" అంటే ఇక చెప్పేదేముంది. మా అమ్మమ్మని అడిగితే "నిదానమే ప్రధానం" ఉంది కదరా అంది. కానీ అది మెల్లగా చెయ్యమని చెప్తుంది, లేటుగా మొదలుపెట్టొచ్చని కాదు. మొత్తానికి మన పెద్దవాళ్ల స్కోర్‌బోర్డులో తొందరగా మొదలుపెట్టినవాళ్లు 3, లేటుగా వచ్చినవాళ్లు 0.

ఈ సామెతలు ఒక్కటి కూడా వినకుండానే వాటిని తు.చ. తప్పకుండా పాటిస్తున్న రంగం ఒకటుంది. అది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల అకాడమీలు అండర్-9 నుంచే పిల్లల్ని రిజిస్టర్ చేసుకుంటాయి. మనం మూడో తరగతిలో ఎక్కాలు బట్టీ పడుతున్న వయసులో అక్కడ ఒక పిల్లాడు క్లబ్ జెర్సీ వేసుకుని, "ఈ సంవత్సరం నన్ను ఉంచుతారా, తీసేస్తారా" అని టెన్షన్ పడుతుంటాడు. 16 దగ్గర పెద్ద వడపోత, 18 దగ్గర ఇంకా పెద్దది. ఆ రెండూ దాటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ దొరికేవాళ్లు చాలా తక్కువమంది. ఆ ప్రపంచంలో 21, 22, 25 ఏళ్లకు ఎక్కడో ఫ్యాక్టరీ నుంచో, ఇళ్లు కట్టే చోటు నుంచో ఒకడు వచ్చి "నేనూ ఆడతాను" అంటే అది మామూలు లేటు కాదు. లాస్ట్ బస్సు కూడా వెళ్లిపోయాక బస్టాండుకి రావడం లాంటిది.

అలా వచ్చినవాళ్ల కథలు మన ఫోన్లలో రోజూ తిరుగుతుంటాయి. వెనకాల గంభీరమైన మ్యూజిక్, తెర మీద "నెవర్ గివ్ అప్" అని పెద్ద అక్షరాలు. చూస్తాం, లైక్ కొడతాం, మళ్లీ పడుకుంటాం. నాకు ఆ కథలంటే ఇష్టమే. కానీ వాటిని మనం సగమే చదువుతున్నాం అనిపిస్తుంది. ఆ ఆటగాళ్ల పట్టుదల నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే వాళ్లు లేటుగా రాగలిగారంటే, లేటుగా వచ్చేవాడు ఎక్కడానికి అక్కడ మెట్లు ఉన్నాయి కాబట్టి. ఆ మెట్ల గురించి ఏ రీల్లోనూ చెప్పరు. ఈ వ్యాసం వాటి గురించే.

ముందు అందరికీ తెలిసిన జేమీ వార్డీని తీసుకుందాం. 1987 జనవరిలో షెఫీల్డ్‌లో పుట్టాడు. అదే ఊరి క్లబ్ షెఫీల్డ్ వెన్స్‌డే అకాడమీలో పెరిగాడు. 16 ఏళ్ల వయసులో "నువ్వు మరీ చిన్నగా ఉన్నావు" అని పంపేశారు. దగ్గర్లోనే స్టాక్స్‌బ్రిడ్జ్ అని స్టీలు ఫ్యాక్టరీ ఉన్న ఒక చిన్న ఊరుంది. అక్కడి స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే క్లబ్బులో చేరాడు. ఆ క్లబ్ పేరులోనే ఫ్యాక్టరీ ఉంది. ఆడితే వారానికి 30 పౌండ్లు ఇచ్చేవారు. అది పెట్రోలుకీ టిఫిన్లకీ సరిపోయేంత, అంతే. కాబట్టి పగలు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ నడవడానికి ఇబ్బందిపడే వాళ్ల కాళ్లకు వేసే కార్బన్ ఫైబర్ స్ప్లింట్లు తయారుచేసేవాళ్లు. మధ్యలో ఒక పబ్ బయట గొడవ, కేసు, శిక్ష. కొన్ని నెలలు కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్, సాయంత్రం ఫలానా టైముకి ఇంట్లో ఉండాలని కర్ఫ్యూ. దూరం ఊర్లో మ్యాచ్ ఉంటే ఆట మధ్యలోనే బయటికి వచ్చి ఇంటికి పరిగెత్తాల్సి వచ్చేది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లీగులు ఒకదాని కింద ఒకటి అంతస్తుల్లా ఉంటాయి. పైన ప్రీమియర్ లీగ్ ఒకటో అంతస్తు అనుకుందాం. వార్డీ సీనియర్ టీమ్‌లోకి వచ్చినప్పుడు స్టాక్స్‌బ్రిడ్జ్ ఎనిమిదో అంతస్తులో ఉంది. 2009 లో ఆ టీమ్ ఏడుకి ఎక్కింది. 2010 లో వార్డీ హాలిఫాక్స్ టౌన్‌కి మారాడు, అదీ ఏడే. 2011 లో ఫ్లీట్‌వుడ్ టౌన్, అది ఐదు. ఆ సీజన్లో 31 లీగ్ గోల్స్ కొట్టాడు. 2012 మేలో రెండో అంతస్తులో ఉన్న లెస్టర్ సిటీ అతన్ని 10 లక్షల పౌండ్లకు కొన్నది. నాన్-లీగ్ ఆటగాడికి అంత డబ్బు అంతకుముందు ఎవరూ పెట్టలేదు. అప్పటికి అతనికి 25. ప్రీమియర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడేసరికి 27. ఇంగ్లండ్ జట్టుకి మొదటిసారి ఆడేసరికి 28.

ఎనిమిది, ఏడు, ఐదు, రెండు, ఒకటి. ఇది లిఫ్టులో వెళ్లిన కథ కాదు. ప్రతి అంతస్తులోనూ ఒక టీమ్ ఉంది. శనివారం మ్యాచ్ ఉంది. కొద్దోగొప్పో జీతం ఉంది. చూడటానికి కొన్ని వందల మందైనా జనం ఉన్నారు. ఆ జనంలో అప్పుడప్పుడు పై అంతస్తు నుంచి వచ్చిన స్కౌట్ ఒకాయన టీ తాగుతూ నిలబడి ఉంటాడు. వార్డీ చెయ్యాల్సిందల్లా ఈ వారం బాగా ఆడటం. మిగతాది ఆ మెట్ల వ్యవస్థ చూసుకుంది.

ఇయాన్ రైట్ కథ ఇంకా పాతది. లండన్ కుర్రాడు. టీనేజ్‌లో ప్రొఫెషనల్ క్లబ్బుల దగ్గర ట్రయల్స్‌కి వెళ్లాడు, ఎవరూ తీసుకోలేదు. కూలి పనులు చేశాడు. బండి తాలూకు ఫైన్లు కట్టక 19 ఏళ్లకే కొన్నాళ్లు జైల్లో కూడా ఉన్నాడు. కానీ ఆదివారం పొద్దున టీమ్‌కి ఆడటం మానలేదు. తర్వాత గ్రీనిచ్ బరో అనే సెమీ-ప్రో క్లబ్. 1985 లో క్రిస్టల్ ప్యాలెస్ ట్రయల్‌కి పిలిచి కాంట్రాక్ట్ ఇచ్చింది. అప్పటికి 22 నిండటానికి ఇంకొన్ని నెలలే ఉన్నాయి. 1990 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి మాంచెస్టర్ యునైటెడ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. 1991 లో ఆర్సెనల్‌కి వెళ్లి అక్కడ 185 గోల్స్ చేశాడు. థియెరీ ఆన్రీ 2005 లో దాటేదాకా ఆ క్లబ్ రికార్డు అదే.

ఇదంతా ఒక్క ఇంగ్లండ్‌లోనే కాదు. జర్మనీలో మిరొస్లావ్ క్లోజె వడ్రంగి పని నేర్చుకుంటూ, 20 ఏళ్ల వయసులో తన ఊరి టీమ్ తరపున ఏడో స్థాయి లీగ్‌లో ఆడుతున్నాడు. 2014 కల్లా నాలుగు ప్రపంచ కప్పుల్లో కలిపి 16 గోల్స్‌తో బ్రెజిల్ రొనాల్డో రికార్డు దాటేశాడు. ఆ కప్పు కూడా గెలిచాడు, అప్పటికి అతనికి 36. ఫ్రాన్స్‌లో దిదియే ద్రోగ్బా లె మాన్ ఊర్లో అకౌంటింగ్ చదువుతూ ఆడాడు, మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ 21 ఏళ్లకు వచ్చింది. ఆ అకౌంటెంట్ గారే 2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో 88వ నిమిషంలో గోల్ కొట్టి చెల్సీని ఆటలో నిలబెట్టి, చివరి పెనాల్టీ కూడా తనే కొట్టాడు. బీకాం ఫ్రెండ్స్ ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

మరి ఇంత బాగా ఆడేవాళ్లు ముందే ఎందుకు దొరకలేదు? అకాడమీ కోచ్‌లకు కళ్లు లేవా? ఉన్నాయి. కానీ వాళ్లు చూసేది 13, 14 ఏళ్ల పిల్లల్ని. ఆ వయసులో ఒకడికి మీసాలు వచ్చేస్తాయి, పక్కనున్నవాడు ఇంకా ఐదో తరగతి పిల్లాడిలా ఉంటాడు. ఇద్దరినీ ఒకే గ్రౌండులో పరిగెత్తిస్తే ఎవరు గెలుస్తారో చెప్పడానికి కోచ్ అక్కర్లేదు. పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది. ఇంగ్లండ్‌లో ఏజ్ గ్రూప్ సెప్టెంబర్ 1 నుంచి లెక్కేస్తారు. సెప్టెంబర్‌లో పుట్టినవాడు, తర్వాతి ఆగస్టులో పుట్టినవాడు ఒకే బ్యాచ్. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే చాలా ఎక్కువ. అందుకే అకాడమీల్లో సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ పుట్టినరోజులు ఎక్కువగా, జూన్, జులై, ఆగస్టువి తక్కువగా కనిపిస్తాయి. ఈ తేడాని రిలేటివ్ ఏజ్ ఎఫెక్ట్ అంటారు. ఇప్పుడు కొన్ని అకాడమీలు వయసు బదులు శరీరం ఎదిగిన స్థాయిని బట్టి గ్రూపులు చేసి ఆడిస్తున్నాయి. అంటే తప్పు ఎక్కడ జరుగుతోందో వాళ్లకీ అర్థమైంది.

మన బ్రాంచ్ వాళ్లకి సులువుగా చెప్పాలంటే ఇది ఫాల్స్ నెగటివ్ సమస్య. క్లాసిఫయర్ "పనికిరాడు" అంది, అసలు జవాబు "పనికొస్తాడు". మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో మన దగ్గర టెస్ట్ డేటా ఉంటుంది కాబట్టి తప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. జీవితంలో ఆ డేటా ఉండదు. ఒక క్లబ్ పనికిరానివాణ్ణి తీసుకుంటే ఆ తప్పు ప్రతి శనివారం గ్రౌండులో అందరి ముందూ పరిగెడుతూ కనిపిస్తుంది. పనికొచ్చేవాణ్ణి వదిలేస్తే ఆ తప్పు ఏ ఫ్యాక్టరీలోనో షిఫ్ట్ చేసుకుంటూ ఉంటుంది. ఎవరికీ కనపడదు, ఎవరూ ప్రశ్నించరు. కింద మెట్లు ఉంటే మాత్రం వదిలేసినవాడు ఆడుతూనే ఉంటాడు. ఎప్పుడో ఒకరోజు స్కోర్‌షీటులో పేరై తిరిగొస్తాడు. అంటే కింది లీగులు పైవాళ్ల సెలెక్షన్‌కి టెస్ట్ డేటా లాంటివి. అవి లేకపోతే సెలెక్టర్ ఎప్పటికీ కరెక్టే.

ఆ మెట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. చాలా కాలం ఇంగ్లండ్‌లో కూడా నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య తలుపు దాదాపు మూసే ఉండేది. కింది లీగ్ గెలిచినా పైకి వెళ్లాలంటే పైనున్న క్లబ్బులు ఓటేసి రానివ్వాలి. లోపల కూర్చున్నవాళ్లే బయటివాళ్లకు ఓటెయ్యాలన్నమాట, ఫలితం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఐదో స్థాయి ఛాంపియన్ నేరుగా పైకి వెళ్లే రూలు 1987 లో వచ్చింది. ఆ దారిన మొదట వెళ్లింది స్కార్‌బరో క్లబ్. వార్డీ పుట్టిన సంవత్సరం కూడా అదే, గమనించారా? పాతికేళ్ల తర్వాత 2012 లో అతని గోల్స్‌తో ఫ్లీట్‌వుడ్ పైకెక్కింది అదే తలుపు గుండా. ఆ చిన్న ఊరి క్లబ్ పైకెళ్లాలని కలగని డబ్బులు పెట్టిందంటే, గెలిస్తే ఎవరూ ఆపలేరనే నమ్మకంతోనే. ఆ నమ్మకం లేకపోతే 24 ఏళ్ల స్ట్రైకర్‌ని ఏడో అంతస్తు నుంచి ఐదుకి తెచ్చుకోవాల్సిన అవసరం వాళ్లకేంటి?

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగా రావాలి. "ఒక్క వార్డీని చూపించి వ్యవస్థ గొప్పదంటావా? 25 దాటినా ఎనిమిదో అంతస్తులోనే ఉండిపోయిన వేలమంది సంగతేంటి?" నిజమే. గెలిచినవాళ్లని మాత్రమే లెక్కపెడితే లెక్క తప్పుతుంది, దీనికి సర్వైవర్‌షిప్ బయాస్ అని పేరు కూడా ఉంది. లేటుగా వచ్చి పైదాకా వెళ్లినవాళ్లు అప్పుడూ కొద్దిమందే, ఇప్పుడూ కొద్దిమందే. "నువ్వు కూడా వార్డీ కావచ్చు" అని ఎవరికైనా చెప్పడం అబద్ధం. నేను చెప్పను.

కానీ పైకి వెళ్లనివాళ్లని ఒకసారి చూడండి. వాళ్లు ఓడిపోయారా? సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగం, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీస్, శనివారం మ్యాచ్. పేరు పెట్టి అరిచే జనం, ఊరి క్లబ్, డ్రెస్సింగ్ రూమ్ జోకులు. 35 ఏళ్లొచ్చేదాకా ఇష్టమైన ఆట ఆడారు. మన దేశంలో టెన్త్ తర్వాత బూట్లు అటక మీద పెట్టేసినవాళ్లని అడగండి, ఆ జీవితం ఓటమో కాదో చెప్తారు. మెట్లు పైకి ఎక్కించడానికి మాత్రమే ఉండవు, కూర్చోవడానికి కూడా పనికొస్తాయి. అందులో అప్పుడప్పుడు ఒక వార్డీ రావడం బోనస్.

తలుపు తెరవడంతో పని అయిపోదు, లోపలికొచ్చాక కాస్త టైమ్ కూడా ఇవ్వాలి. ఈ విషయం వార్డీ కథలో చాలామంది వదిలేస్తారు. లెస్టర్‌లో అతని మొదటి సీజన్ ఘోరంగా గడిచింది. గోల్స్ రాలేదు. అభిమానులు తిట్టారు. ఈ స్థాయికి నేను సరిపోనేమో అనుకుని ఆట మానేద్దామనుకున్నాడు. మేనేజర్ నైజెల్ పియర్సన్, ఆయన అసిస్టెంట్ క్రెయిగ్ షేక్‌స్పియర్ కూర్చోబెట్టి నచ్చజెప్పారు, నిలబెట్టుకున్నారు. తర్వాతి సీజన్లో 16 లీగ్ గోల్స్ కొట్టాడు, టీమ్ ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది. 2015 నవంబర్‌లో వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచుల్లో గోల్ కొట్టి వాన్ నిస్టెల్‌రాయ్ రికార్డు దాటాడు. 2016 మేలో లెస్టర్ టైటిల్ గెలిచింది. సీజన్ మొదట్లో బెట్టింగ్ వాళ్లు వాళ్లకిచ్చిన రేటు 5000 కి 1. ఆ టీమ్‌లోనే ఉన్న రియాద్ మహ్రెజ్ ఫ్రాన్స్ నాలుగో డివిజన్‌లో ఆడుతూ పైకొచ్చినవాడు. ఎన్‌గోలో కాంటె కూడా 23 ఏళ్లకు గానీ ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో ఆడలేదు. మిగతా క్లబ్బులు చిన్నగా ఉన్నాడని, బక్కగా ఉన్నాడని వదిలేసిన సరుకంతా ఒక చోట చేరి కప్పు పట్టుకెళ్లింది. 2019-20 లో 23 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నప్పుడు వార్డీకి 33. అంత వయసులో ఆ బూట్ గెలిచినవాడు ముందెవరూ లేరు. మొదటి సీజన్ చూసి పంపేసి ఉంటే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు.

ఎక్కినవాడు మెట్లని మర్చిపోకపోవడం కూడా నాకు నచ్చింది. 2017 లో వార్డీ వీ9 అకాడమీ అని మొదలుపెట్టాడు. నాన్-లీగ్ ఆటగాళ్లని పోగేసి, పెద్ద క్లబ్బుల స్కౌట్ల ముందు ఆడించడమే దాని పని. వాళ్లలో కొంతమందికి కాంట్రాక్టులు వచ్చాయి.

ఒక్కోసారి లేటయ్యేది ఆటగాడికి కాదు, అసలు ఆ ఉద్యోగమే లేటుగా పుడుతుంది. అమ్మాయిల ఫుట్‌బాల్ చూడండి. 1921 లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తమ క్లబ్బుల గ్రౌండుల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టింది. అది దాదాపు 50 ఏళ్లు నడిచింది. అక్కడి విమెన్స్ సూపర్ లీగ్ పూర్తిగా ప్రొఫెషనల్ అయింది 2018 లో. అంటే అంతకుముందు తరం మొత్తం ఏదో ఒక పని చేసుకుంటూ ఆడినవాళ్లే. ప్రపంచంలోనే బెస్ట్ రైట్ బ్యాక్‌లలో ఒకరైన లూసీ బ్రాంజ్ చదువుకునే రోజుల్లో డోమినోస్‌లో పిజ్జాలు చేసింది. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావమ్మా" అని ఆమెని అడగడంలో అర్థం లేదు. ఆమె అక్కడే ఉంది. తలుపు లేదు.

ఇక మన ఊరికి వద్దాం. ఫుట్‌బాల్ హైదరాబాద్‌కి కొత్తేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన టీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అంతకుముందు ఆయన బడిపంతులు. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ టీమ్ పేరు మళ్లీ చదవండి. సిటీ పోలీస్. అంటే ఉద్యోగమూ ఆటా ఒకే చోట. నెల జీతం ఉంది, గ్రౌండ్ ఉంది, టోర్నమెంట్ ఉంది. స్టాక్స్‌బ్రిడ్జ్‌లో ఫ్యాక్టరీ చేసిన పని ఇక్కడ పోలీస్ శాఖ చేసింది.

తర్వాత 2014 లో ఐఎస్‌ఎల్ వచ్చింది. లైట్లు, టీవీ, స్టార్లు అన్నీ వచ్చాయి, మెట్లు మాత్రం రాలేదు. కింది లీగ్ గెలిచి పైకెళ్లే దారి 2023 లో పంజాబ్ ఎఫ్‌సీ ఎక్కేదాకా లేదు. అప్పటిదాకా లోపలికి రావాలంటే మ్యాచ్ గెలిస్తే చాలదు, డబ్బు కట్టాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచినప్పుడు మనవాళ్లు బాగానే సంబరపడ్డారు. కానీ నిజామాబాద్‌లోనో కర్నూలులోనో ఇవాళ 22 ఏళ్ల కుర్రాడొకడు బాగా ఆడుతున్నాడనుకోండి. అతను వచ్చే శనివారం ఎక్కడ ఆడాలి? ఎవరు చూస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేనంత కాలం అతనికి మోటివేషన్ వీడియోలు పంపడం అన్యాయం.

దేశం సంగతి మన చేతుల్లో లేదు. మన గ్రౌండ్ సంగతి ఉంది. మన కాలేజీ ఫుట్‌బాల్ సెలెక్షన్స్ సంవత్సరానికి ఒక్కసారి, ఫస్టియర్ క్లాసులు మొదలైన నెలలోనే జరుగుతాయి. "స్కూల్ లెవెల్ ఆడావా, సర్టిఫికెట్ ఉందా" అనేది మొదటి ప్రశ్న. ఒకసారి టీమ్ అయిపోతే ఫైనలియర్ దాకా దాదాపు వాళ్లే. డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో నేరుగా సెకండియర్‌కి వచ్చేవాళ్లకు ఆ సెలెక్షన్ ఎప్పుడు జరిగిందో కూడా తెలీదు. మా హాస్టల్లో అలాంటివాడు ఒకడున్నాడు. ఎడమ కాలితో అతను కొట్టే క్రాస్ చూడటానికి మెస్‌కి వెళ్లేవాళ్లు కూడా ఆగుతారు. టీమ్‌లో అడిగితే "లేటొచ్చావు బ్రో, వచ్చే సంవత్సరం చూద్దాం" అన్నారు. వచ్చే సంవత్సరం సెలెక్షన్ మళ్లీ ఫస్టియర్‌లకే.

ఇంటర్ రెండేళ్లూ కాలేజీ గ్రౌండ్ ఎలా ఉంటుందో చూడనివాళ్లం మనలో సగానికి పైగా ఉంటాం. ఉన్న చోట్ల కూడా అక్కడ ఫ్లెక్సీలు కట్టేవాళ్లు, ర్యాంకుల ఫోటోలతో. అలాంటి మనల్ని 18 ఏళ్లకు "స్కూల్ లెవెల్ ఆడావా" అని అడగడం ఎంతవరకు సబబు? మనలో చాలామందికి ఆట మొదలయ్యేదే ఇక్కడ, హాస్టల్ వెనక గ్రౌండులో, 18కో 19కో. ఆ వయసులో రైట్ దగ్గర కాంట్రాక్ట్ లేదు, క్లోజె చేతిలో రంపం ఉంది, వార్డీ ఇంకా ఎనిమిదో అంతస్తుకి కూడా సరిగ్గా రాలేదు.

మనలోంచి ప్రీమియర్ లీగ్ స్టార్ వస్తాడని నేను అనడం లేదు. ఇంటర్-యూనివర్సిటీ మ్యాచ్‌లో ఒక ఎడమ కాలి వింగర్ వస్తే చాలు. దానికి కావాల్సింది మూడే. ఒకటి, సెలెక్షన్స్ సంవత్సరానికి రెండుసార్లు జరగాలి, ఏ ఇయర్ వాళ్లయినా రావచ్చు, సర్టిఫికెట్ అడగకూడదు. రెండు, హాస్టళ్లకీ డే-స్కాలర్లకీ కలిపి ప్రతి శనివారం నడిచే ఒక చిన్న లీగ్ కావాలి. రెండు డివిజన్లు చాలు, కింద గెలిచిన టీమ్ పైకి, పైన ఆఖరు టీమ్ కిందికి. మూడు, అమ్మాయిలకి గ్రౌండ్ టైమ్, "టీమ్ తయారయ్యాక ఇస్తాం" అనకుండా ముందే ఇవ్వాలి. గ్రౌండ్ లేకుండా టీమ్ ఎక్కడ తయారవుతుంది?

వీటికి పెద్ద ఖర్చు లేదు. నాలుగు బంతులు, రెండు రంగుల బిబ్బులు, ఒక విజిల్, స్కోర్లు రాయడానికి ఒక షీట్. ఆ షీటుకి యాప్ కావాలంటే మా సీఎస్‌ఈ వాళ్లం రాసిపెడతాం, వద్దన్నా రాస్తాం, అది మా జబ్బు.

ఫిజికల్ డైరెక్టర్ సార్‌కి ఇవ్వడానికి లెటర్ రెడీ చేశాం. సంతకాల కోసం సోమవారం నుంచి మెస్ బయట టేబుల్ పెడుతున్నాం, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు. ఫుట్‌బాల్ ఆడనివాళ్లు కూడా రండి. లేటుగా వచ్చినా పర్లేదు, తొమ్మిది దాకా ఉంటాం.